ఉత్తరకథలో అడగని ప్రశ్న: ‘బాహుబలి’ రెండవ భాగం, దాని పూర్వకథా ధారావాహికలు – కృష్ణా డెల్టా కథన సంప్రదాయం వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

2017లో విడుదలైన ‘బాహుబలి 2: ది కన్‌క్లూజన్’ తన పేరులోనే ముగింపును ప్రకటించుకుంది. అయినా ఆ చిత్రం చుట్టూ పూర్వకథలు నవలగా, యానిమేషన్ ధారావాహికలుగా, ప్రసారానికి నోచుకోని ఒక వెబ్ ధారావాహికగా పుట్టుకొచ్చాయి. ఉత్తరకథ పూర్వకథకు ఏ విధంగా చోటు కల్పిస్తుంది, ఆ చోటును పూర్వకథలు ఎంతవరకు వాడుకున్నాయి అన్నవి ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్నలు. దిగువ కృష్ణా డెల్టాకు చెందిన కూచిపూడి కలాపం, గుడివాడ, మచిలీపట్నం ప్రాంతాల కళాకారులు పాలుపంచుకున్న పౌరాణిక చిత్రాలు ఈ పరిశీలనకు కొలమానాలు. కథ వినేవాడు అడిగిన ప్రశ్న ఉత్తరకథను నడిపిస్తుందనీ, అతడు అడగకుండా వదిలిన ప్రశ్నే పూర్వకథకు నిజమైన బీజమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉత్తరకథ, పూర్వకథ, శ్రోత, బాహుబలి, కట్టప్ప, శివగామి, కూచిపూడి, భూకైలాస్, మాయాబజార్.

1. ప్రవేశిక:

ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో, వి. విజయేంద్రప్రసాద్ కథతో, ఆర్కా మీడియా వర్క్స్ నిర్మించిన ‘బాహుబలి: ది బిగినింగ్’ 2015 జూలై 10న, దాని ఉత్తరభాగం 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యాయి. ఉత్తరభాగానికి ముందే, 2017 మార్చిలో, ఆనంద్ నీలకంఠన్ ఆంగ్ల నవల ‘ది రైజ్ ఆఫ్ శివగామి’ వెలువడింది. అది మొదటి చిత్రంలోని సంఘటనలకు చాలా ముందు కాలపు కథ. అదే ఏడాది అమెజాన్ ప్రైమ్ వీడియోలో ‘బాహుబలి: ది లాస్ట్ లెజెండ్స్’ యానిమేషన్ ధారావాహిక మొదలైంది. నీలకంఠన్ నవల ఆధారంగా ‘బాహుబలి: బిఫోర్ ది బిగినింగ్’ అనే ధారావాహికను 2018లో నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. 2024 మే 17న డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో ‘బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్’ ప్రసారం ప్రారంభమైంది.

ఈ పేర్లను వరుసగా చదివితే ఒక విచిత్రం కనిపిస్తుంది. ‘ఆరంభం’ తర్వాత ‘ముగింపు’, ముగింపు తర్వాత ‘ఆరంభానికి ముందు’. కాలక్రమంలో ముందుకు సాగవలసిన కథ వెనక్కి నడిచింది. దీన్ని వ్యాపార విస్తరణగా మాత్రమే చూసి పక్కన పెట్టవచ్చు. వ్యాపారకారణం ఉన్నదన్నది నిర్వివాదం. అయితే ఏ కథనైనా వెనక్కి పొడిగించడం సాధ్యం కాదు. పొడిగింపుకు మూలకథలో పట్టు ఉండాలి. ఆ పట్టు ఉత్తరభాగంలో ఎక్కడ ఉన్నదో పాఠాన్ని ఆధారం చేసుకొని చూడటం సాహిత్యవిమర్శకు సంబంధించిన పని.

ఈ వ్యాసంలో ‘సీక్వెల్’ను ఉత్తరకథగా, ‘ప్రీక్వెల్’ను పూర్వకథగా వ్యవహరిస్తున్నాను. ఈ మాటలు తెలుగు సాహిత్యానికి కొత్తవి కావు. తిక్కన ‘నిర్వచనోత్తర రామాయణము’, కంకంటి పాపరాజు ‘ఉత్తర రామాయణము’ పేర్లలోనే ఉత్తరకథా భావన ఉంది.

2. పూర్వకథకు ద్వారం తెరిచేది శ్రోత:

ఉత్తరకాండ నిర్మాణాన్ని గమనిద్దాం. రావణవధ ముగిసింది, పట్టాభిషేకం జరిగింది. కథ అయిపోయిన చోట మునులు కొలువుకు వస్తారు. వారిలో అగస్త్యుని మాటలు వింటూ రాముడు ప్రశ్నలు వేస్తాడు. ఆ ప్రశ్నలకు సమాధానంగా రావణుని వంశం, తపస్సు, విజయాలు, హనుమంతుని బాల్యం కథలుగా వస్తాయి. అంటే ఉత్తరకాండలోని గణనీయమైన భాగం నిజానికి పూర్వకథ. శత్రువు బతికి ఉన్నంతకాలం అతన్ని గెలవడం ఎలా అన్నదే ప్రశ్న. అతడు చనిపోయాక మాత్రమే ‘అతడెవరు?’ అన్న ప్రశ్నకు తీరిక దొరుకుతుంది. భారతకథ కూడా జనమేజయుడు అడిగితే వైశంపాయనుడు చెప్పినదే. అడిగే అర్హత, అవసరం ఉన్న శ్రోత లేనిదే మన పురాణాల్లో పూర్వకథ బయటికి రాదు.

దిగువ కృష్ణా డెల్టాలో ఈ సూత్రం రంగస్థలం మీద కూడా కనిపిస్తుంది. మొవ్వ మండలంలోని కూచిపూడిలో తరతరాలుగా ఆడుతూ వచ్చిన ‘భామాకలాపం’లో సత్యభామ ప్రవేశదరువుతో తానెవరో చెప్పుకుంటుంది. సూత్రధారుడే మాధవిగా మారి ఆమెను అడుగుతాడు, కవ్విస్తాడు, మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడే భామ చేత చెప్పిస్తాడు. మాధవి ప్రశ్నలు లేకపోతే భామ అంతరంగం ప్రేక్షకునికి అందదు. దివిసీమలోని శ్రీకాకుళ క్షేత్రానికి సంబంధించిన ‘ఆముక్తమాల్యద’ అవతారికలోనూ ఇదే ధోరణి. ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి అడగగా కృష్ణరాయలు గోదాదేవి కథ చెప్పడానికి పూనుకున్నాడు. ఇక్కడ అడిగేవాడు దేవుడే.

సినిమాకు వచ్చేసరికి గుడివాడ పరిసరాల నుంచి వచ్చిన ముగ్గురు కలిసి పనిచేసిన ‘భూకైలాస్’ (1958) ముఖ్యమైన ఉదాహరణ. నిమ్మకూరుకు చెందిన ఎన్.టి. రామారావు రావణునిగా, రామాపురానికి చెందిన అక్కినేని నాగేశ్వరరావు నారదునిగా నటించారు. చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గొంతు ఇచ్చారు. రామాయణానికి ముందు జరిగిన ఆత్మలింగ వృత్తాంతం దాని ఇతివృత్తం. ప్రేక్షకునికి రావణుని అంతం ముందే తెలుసు. చిత్రం ఆ తెలివిడిని దాచిపెట్టే ప్రయత్నం చేయలేదు. రాబోయే రామావతారాన్ని నారదుని నోట పాటగా వినిపించింది. పూర్వకథ తన ఉత్తరకథను తనలోనే చెప్పేసుకున్నది. ఏం జరుగుతుందన్న ఉత్కంఠను వదులుకొని, ఇంత భక్తి ఉన్నవాడు అలా ఎందుకు పతనమయ్యాడన్న ఆలోచనను ప్రేక్షకునికి అప్పగించింది. మంచి పూర్వకథకు ఇది తొలి లక్షణం.

రెండవ లక్షణం ‘మాయాబజార్’ (1957)లో దొరుకుతుంది. మచిలీపట్నంలో పెరిగిన పింగళి నాగేంద్రరావు రచన చేసిన ఈ చిత్రం మహాభారత యుద్ధానికి ముందు కాలంలో సాగుతుంది. వ్యాసభారతంలో లేని శశిరేఖా పరిణయమే ఇందులోని కథ. భారతకథకు నాయకులైన పాండవులు తెరమీద ఒక్కసారి కూడా కనిపించకపోవడం ఇందులో ప్రసిద్ధమైన విశేషం. అందరికీ తెలిసిన కథలో కేంద్రాన ఉన్నవారిని పక్కకు తప్పించి, అంచున ఉన్న ఘటోత్కచుడికీ శశిరేఖకూ చోటిచ్చారు. చొప్పించిన కథకు స్వేచ్ఛ వచ్చింది ఈ ఎంపిక వల్లనే.

ఈ రెండు లక్షణాలను కొలమానాలుగా తీసుకోవచ్చు: ఒకటి, తెలిసిన ముగింపును దాచకుండా దానికి కొత్త అర్థం ఇవ్వడం. రెండు, మూలకథ అంచున వదిలినవారిని కేంద్రానికి తేవడం.

3. రెండవ భాగం: కట్టప్ప చెప్పిన కథ:

మొదటి భాగం చివర బాహుబలిని చంపినది తానేనని కట్టప్ప ఒప్పుకుంటాడు. దేశమంతా రెండేళ్లపాటు ఒకే ప్రశ్నను చర్చించింది: ఎందుకు చంపాడు? రెండవ భాగంలో అధికభాగం ఆ ప్రశ్నకు సమాధానం. మహేంద్ర బాహుబలి వింటాడు, కట్టప్ప చెబుతాడు. కుంతల రాజ్యానికి ప్రయాణం, దేవసేన పరిచయం, శివగామి ఇచ్చిన మాట, సింహాసనం భల్లాలదేవునికి దక్కడం, సీమంతం నాటి అవమానం, రాజప్రాసాదం నుంచి వెలి, కుమారవర్మను పావుగా వాడుకున్న పన్నాగం, శివగామి ఆజ్ఞ, కట్టప్ప కత్తి – అన్నీ ఈ వరుసలో వస్తాయి.

ఈ కథనంలో మూడు విషయాలు గమనార్హం.

మొదటిది, కట్టప్ప కథకుడే గాని స్వతంత్రుడు కాడు. అగస్త్యుడు మునిగా రాముని ముందు కూర్చుని చెప్పాడు. వైశంపాయనుడు వ్యాసుని శిష్యుడిగా చెప్పాడు. కట్టప్ప సింహాసనానికి కట్టుబడిన దాసునిగా తన ప్రభువు కుమారునికి చెబుతున్నాడు. చెప్పడం కూడా అతని సేవలో భాగమే. అందుకే తన కథలో తాను ఎప్పుడూ కర్తగా నిలబడడు.

రెండవది, చిత్రం కథకుని జ్ఞానపరిధికి కట్టుబడలేదు. బిజ్జలదేవుడు, భల్లాలదేవుడు ఏకాంతంలో చేసిన కుట్రలు కట్టప్ప చూసినవి కావు, అయినా ప్రేక్షకుడు చూస్తాడు. అతడు చూడనివి చూపగలిగిన చిత్రం, అతడు అనుభవించిన బాల్యాన్నీ బానిసత్వాన్నీ చూపలేదు. కథకుని కన్ను దాటి వెళ్లిన కెమెరా కథకుని గతంలోకి వెళ్లకపోవడం యాదృచ్ఛికం కాదు. కథకు ఆ క్షణంలో అది అవసరం కాలేదు.

మూడవది అన్నిటికంటే ముఖ్యం. మహేంద్రుడు అడిగినది తండ్రి గురించి మాత్రమే. తన కోసం నదిలో ప్రాణం వదిలిన శివగామి అంతకుముందు ఎవరో అడగలేదు. తండ్రి ‘మామా’ అని పిలిచిన మనిషి తరతరాలుగా ఒక సింహాసనానికి ఎందుకు బానిస అయ్యాడో అడగలేదు. శ్రోత ప్రశ్న ఎంత వరకు సాగిందో ఉత్తరకథ అంత వరకు సాగింది. అక్కడ ఆగిన చోటే పూర్వకథకు చోటు మిగిలింది.

‘లవకుశ’ (1963)తో పోలిస్తే ఈ అమరిక మరింత స్పష్టమవుతుంది. అక్కడ పిల్లలు పాడుతున్న కథ తమ తల్లిదండ్రులదేనని పిల్లలకు తెలియదు, వింటున్న రామునికి అది తన కథేనని తెలుసు. విన్నవాడు తన తప్పును ఎదుర్కోక తప్పదు. ‘బాహుబలి’లో చెప్పేవానికి అంతా తెలుసు, వినేవానికి ఏమీ తెలియదు. కాబట్టి విన్నవాని చేతిలో కథ ఆత్మపరీక్షగా మారదు, ప్రతీకారానికి ఆయుధమవుతుంది. ఆయుధానికి పదును చాలు, మూలాలు అక్కరలేదు.

4. మిగిలిపోయిన రెండు జీవితాలు:

ఉత్తరభాగం వదిలిన ఖాళీలన్నీ ఒకే రకానికి చెందవు. కట్టప్ప ఎందుకు చంపాడన్నది సంఘటనకు సంబంధించిన ఖాళీ, జవాబు రాగానే అది మూసుకుపోయింది. 2025 అక్టోబరు 31న రెండు భాగాలనూ కుదించి ‘బాహుబలి: ది ఎపిక్’ పేరుతో ఒకే చిత్రంగా విడుదల చేసినప్పుడు ఆ రెండేళ్ల నిరీక్షణ కూడా చరిత్రలో కలిసిపోయింది. కాలకేయుల భాష, మాహిష్మతి ఆచారాలు, ఇరుగుపొరుగు రాజ్యాలు కల్పితలోకానికి సంబంధించిన ఖాళీలు. వాటిని ఎంతకాలమైనా నింపుతూ పోవచ్చు, కథకు లాభమూ లేదు, నష్టమూ లేదు. శివగామి, కట్టప్పల గతం మాత్రం ప్రేరణకు సంబంధించిన ఖాళీ. దాన్ని నింపితే మనం ఇప్పటికే చూసిన దృశ్యాల అర్థమే మారుతుంది.

శివగామి పాత్ర మొదటి భాగంలో తన అంతంతోనే మొదలవుతుంది. వీపున బాణం, ప్రవాహంలో మునిగిపోతూ శిశువును పైకెత్తిన చేయి. ఉత్తరభాగం తిరిగి అదే నదికి వచ్చి ఆ వృత్తాన్ని పూర్తిచేస్తుంది. ఆమె చివరి ఘడియ రెండుసార్లు తెలిసింది, మొదటి ఘడియ ఒక్కసారీ తెలియలేదు. మహారాజు మరణించిన సంక్షోభంలో ఆమె రాజ్యాన్ని చేతిలోకి తీసుకున్నదని చిత్రం చూపుతుంది. ఆ అధికారబలం ఆమెకు ఎక్కడిదో చెప్పదు. రమ్యకృష్ణ నటనలోని నిండుదనం ఆ ప్రశ్నను మనచేత వాయిదా వేయిస్తుంది. ఉత్తరభాగంలో విషాదమంతా ఆమె నోటి మాటే శాసనం కావడం వల్ల పుట్టింది. భల్లాలునికి దేవసేన విషయంలో ఇచ్చిన మాట, బాహుబలి మరణానికి ఇచ్చిన ఆజ్ఞ – రెండింటిలోనూ ఆమె అవతలి పక్షం వాదన వినలేదు. అంత న్యాయనిష్ఠ ఉన్న మనిషి వినడం ఎందుకు మానింది? చిత్రం కుట్రను కారణంగా చూపింది. కుట్ర బయటి కారణం మాత్రమే.

కట్టప్ప విషయం ఇంకా చిక్కైనది. తన పూర్వికులు ఇచ్చిన మాటకు తాను కట్టుబడి ఉన్నానని మొదటి భాగంలోనే చెబుతాడు, విముక్తి కల్పిస్తానన్న అస్లాంఖాన్ ప్రతిపాదనను తిరస్కరిస్తాడు. రెండవ భాగంలో ఆ మాటే అతనిచేత తాను పెంచిన మనిషిని చంపిస్తుంది. ఇంత ఘోరం జరిగాక కూడా చిత్రం ప్రశ్నించినది భల్లాలుని దుర్మార్గాన్నే గాని ఆ దాస్య నియమాన్ని కాదు. సింహాసనం మీద మనిషి మారాడు. సింహాసనానికి దాసుడు ఉండటం మారినట్టు ఎక్కడా చెప్పలేదు. మహేంద్రుని పట్టాభిషేకంతో ప్రేక్షకునికి కలిగే తృప్తిలో ఈ లోటు కనబడకుండా పోతుంది. ఈ వ్యాసం దృష్టిలో పూర్వకథకు అసలైన నైతిక అవసరం ఇక్కడే ఉంది.

5. పూర్వకథలు వాడుకున్నదీ, వదులుకున్నదీ:

‘ది లాస్ట్ లెజెండ్స్’ అమరేంద్రుడు, భల్లాలుడు యువరాజులుగా ఉన్న కాలాన్ని తీసుకుంది. సింహాసనం ఇంకా ఎవరిదీ కాని కాలమది. ‘క్రౌన్ ఆఫ్ బ్లడ్’ రక్తదేవుడనే కొత్త ప్రతినాయకుని తెచ్చి, మాహిష్మతిని కాపాడటానికి అన్నదమ్ములిద్దరినీ ఒక పక్షాన నిలబెట్టింది. రెండింటిలోనూ యానిమేషన్ మాధ్యమానికి తగిన వేగం, బాల ప్రేక్షకులకు తగిన స్పష్టత ఉన్నాయి. అన్నదమ్ములు కలిసి పోరాడటంలో ఒక విషాదఛాయ ఉండటానికి అవకాశం ఉన్నమాట నిజం. భవిష్యత్తు తెలిసిన ప్రేక్షకుడు ఆ స్నేహాన్ని అనుమానంతో చూస్తాడు.

అయితే మన కొలమానాలతో చూస్తే ఇవి ‘మాయాబజార్’ మార్గానికి ఎదురుదారి పట్టాయి. ఎవరి అంతం మనకు తెలుసో వారినే మళ్లీ కేంద్రంలో నిలబెట్టాయి. అమరేంద్రుడు ఈ కథల్లో చనిపోడు, భల్లాలుడు పూర్తిగా చెడిపోడు, కట్టప్ప స్వేచ్ఛ పొందడు. సాహసం జరుగుతుంది, స్థితి మారదు. మహేంద్రుడు అడిగిన ప్రశ్ననే – ‘నా తండ్రి ఎంతటివాడు?’ – ఇవి మళ్లీ అడిగాయి. దానికి ఉత్తరభాగమే సంపూర్ణంగా జవాబు చెప్పింది.

అడగని ప్రశ్నను అడిగినది నవల. ‘ది రైజ్ ఆఫ్ శివగామి’లో శివగామి తండ్రి దేవరాయను ద్రోహిగా ముద్రవేసి మహారాజు సోమదేవుడు చంపిస్తాడు. అనాథగా పెరిగిన ఆమె మనసులో మాహిష్మతి మీద పగ ఉంటుంది. కట్టప్పకు శివప్ప అనే తమ్ముని ఇచ్చి, ఒకే ఇంట్లో విధేయతనూ తిరుగుబాటునూ ఎదురెదురుగా నిలిపాడు రచయిత. తరువాత వచ్చిన ‘చతురంగ’ (2020), ‘క్వీన్ ఆఫ్ మాహిష్మతి’ (2021) ఆ దారినే కొనసాగించాయి.

ఈ నవలను చదివాక ఉత్తరభాగంలోని మరణాజ్ఞ దృశ్యం వేరుగా కనిపిస్తుంది. తండ్రి మీద ద్రోహి ముద్ర పడిన పిల్ల, పెరిగి అదే సింహాసనం తరఫున, అదే నేరారోపణతో, తాను పెంచిన కొడుకుకు మరణశాసనం పలికింది. చిత్రంలో అది మోసపోయిన తల్లి తొందరపాటు. నవల వెలుగులో అది వ్యవస్థ తన బాధితుల చేతనే తన క్రూరత్వాన్ని మళ్లీ చేయించుకోవడం. అదేవిధంగా శివప్ప ఉన్నాడని తెలిసిన తర్వాత కట్టప్ప విధేయత సహజగుణంగా కనిపించదు. మరో దారి కళ్లముందే ఉండగా అతడు చేసుకున్న ఎంపికగా కనిపిస్తుంది. తెలిసిన ముగింపుకు కొత్త అర్థం ఇవ్వడం అంటే ఇదే. ‘భూకైలాస్’ రావణునికి చేసిన మేలు వంటిది నవల శివగామికి చేసింది.

ఈ నవలకు దృశ్యరూపం ఇవ్వబోయిన నెట్‌ఫ్లిక్స్ ధారావాహికకు దేవా కట్టా, ప్రవీణ్ సత్తారు దర్శకులుగా, మృణాల్ ఠాకూర్ యువ శివగామిగా చిత్రీకరణ మొదలైంది. ఆ తరువాత దాన్ని మళ్లీ కొత్తగా తీసే ప్రయత్నం కూడా జరిగింది. చివరకు అది ప్రసారం కాలేదు. ఫలితం ఏమంటే, ఉత్తరభాగం వేసిన బీజాల్లో తేలికైనవి తెరమీదికి వచ్చాయి, బరువైనది పుస్తకంలోనే ఉండిపోయింది. ఆ పుస్తకం కూడా మొదట వచ్చినది ఆంగ్లంలో. తెలుగు తెర సృష్టించిన శివగామికి బాల్యం ఆంగ్ల నవలలో దొరకడం, అది తిరిగి తెరకు చేరకపోవడం మన దృశ్యకథనం ఆలోచించవలసిన విషయం.

6. ఒక ఆక్షేపణ:

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. పాత్రలన్నిటికీ గతం చెప్పాలా? శివగామి గాంభీర్యం ఆమె గతం తెలియకపోవడం వల్లనే వచ్చిందేమో. కారణాలు చెప్పిన కొద్దీ ఇతిహాసపాత్ర సాధారణ మనోవైజ్ఞానిక పాత్రగా కుంచించుకుపోతుంది. తప్పుకు బాల్యవ్యథను కారణంగా చూపితే బాధ్యత పలచబడుతుంది.

ఈ ఆక్షేపణలో సత్యం ఉంది. పూర్వకథ క్షమాపణపత్రంగా మారిన ప్రతిచోటా ఇది వర్తిస్తుంది. కాని మన ఉత్తరకాండ సంప్రదాయం ఇంకో మార్గం చూపింది. అగస్త్యుడు రావణుని పూర్వకథ చెప్పినందువల్ల రావణుని నేరం తగ్గలేదు, అతని పతనం పరిమాణం పెరిగింది. గతం తెలియడం తీర్పును మార్చనక్కరలేదు, తీర్పు ఎంత కష్టమైనదో తెలియజేస్తే చాలు. శివగామి విషయంలో నవల ఈ పరీక్షలో చాలావరకు నిలుస్తుంది. ఆమె గతం తెలిసినవారికి ఆమె ఆజ్ఞ మరింత క్షమార్హం కాదు, మరింత భయంకరం అవుతుంది. ద్రోహి ముద్ర ఎంత సులువుగా వేయవచ్చో అందరికంటే బాగా తెలిసిన మనిషి కాబట్టి.

కట్టప్ప విషయంలో ఈ ఆక్షేపణకు తావే లేదు. అతని గతాన్ని చెప్పకుండా వదలడం వల్ల పెరిగినది పాత్ర గాంభీర్యం కాదు, దాస్యానికి దక్కిన గౌరవం.

7. ఉపసంహారం:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. ఉత్తరకథ పూర్వకథకు చోటు కల్పించేది ఉత్కంఠ ద్వారా కాదు, శ్రోత ప్రశ్నకు ఉన్న పరిమితి ద్వారా. ‘బాహుబలి’ రెండవ భాగంలో మహేంద్రుని ప్రశ్న తండ్రి వద్ద ఆగింది. శివగామి అధికారానికీ కట్టప్ప దాస్యానికీ ఉన్న మూలాలు అడగకుండా మిగిలాయి. యానిమేషన్ ధారావాహికలు అడిగిన ప్రశ్ననే మళ్లీ అడిగి సాహసకథలుగా నిలిచాయి. నవలాత్రయం అడగని ప్రశ్నను అడిగి మూలచిత్రం అర్థాన్ని వెనక్కి వెళ్లి మార్చింది. ఆ ప్రశ్న మాత్రం దృశ్యమాధ్యమంలో ఇంకా బదులు లేకుండానే ఉంది.

భామ నోట మాట రప్పించడానికి మాధవి కావాలని కూచిపూడి భాగవతులకు తెలుసు. ఇకపై మాహిష్మతి పూర్వకథను తెరకెక్కించేవారు మరో శత్రువును, మరో యుద్ధాన్ని వెతకడం కంటే, కట్టప్పను ఎదురుగా కూర్చోబెట్టి ‘నీ కథ ఏమిటి?’ అని అడిగే మనిషిని కథలోకి తేవడం అవసరం. ఇతర భారతీయ భాషల్లో వస్తున్న భారీ చిత్రాల ఉత్తరకథలను, వాటి పూర్వకథలను కూడా ఈ ‘అడగని ప్రశ్న’ దృష్టితో పరిశీలించడానికి అవకాశం ఉంది. ముఖ్యంగా కథకుడు సేవకుడైన చోట, అతని మౌనాన్ని పాఠంగా చదివే పద్ధతి పరిశోధకులకు ఉపకరిస్తుంది.